ఆఖరి సర్వీసు నెట్‌కి కొట్టి సీజన్ ముగించిన తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండు మూడు సార్లు చదివా. మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలని క్లుప్తంగా చెప్తా. తిరుపతిలో డిగ్రీ ఫైనల్ ఇయర్, వాలీబాల్‌లో ఔట్‌సైడ్ హిట్టర్‌వి, అంటే నెట్ పక్క నుంచి స్పైకులు కొట్టేవాడివి, కుడి చెయ్యి. ఇంటర్ కాలేజియేట్ సెమీస్‌లో ఐదో సెట్ 13-14 దగ్గర నీ జంప్ సర్వీసు నెట్‌కి కొట్టుకుంది, అంతటితో సీజన్ అయిపోయింది. పది రోజులైంది, నిద్ర లేదు, ఎడమ మోకాలి చిప్ప కింద నొప్పి, సంక్రాంతి టోర్నమెంట్లకి రమ్మని ఊళ్ళ నుంచి ఫోన్లు, ఇంట్లో నాయనేమో ఇంక బాల్ పక్కన పెట్టు అంటున్నాడు. నిరుడు యూనివర్సిటీ టీంకి సెలెక్ట్ అయ్యి సౌత్ జోన్ ఇంటర్ యూనివర్సిటీ పోటీలు ఆడా అని కూడా రాశావు, ఈ మాట చివర్లో ఏదో ఊరికే రాసినట్టు రాశావు గానీ నాకు అదే అన్నిటికంటే ముఖ్యంగా కనపడింది, దాని దగ్గరికి తర్వాత వస్తా.

నేను 1996-97లో యూనివర్సిటీకి సెట్టర్‌గా, అంటే హిట్టర్లకి బాల్ ఎత్తి ఇచ్చేవాడిగా ఆడా, తర్వాత ఇరవై ఏళ్ళ పైనే డిగ్రీ కాలేజీలో పీడీగా (ఫిజికల్ డైరెక్టర్) ఉన్నా. ఇన్నేళ్ళలో ఎంతమంది పిల్లలు ఫైనల్ ఇయర్ సీజన్ ముగించి పోయారో లెక్క లేదు. నేను చూసింది ఒకటే, చివరి మ్యాచ్ రోజు సీజన్ ముగిసిపోదు, దాని తర్వాత వచ్చే నెల రోజుల్లో మనం దాన్ని ముగించుకోవాలి. ఆ నెలని వదిలేసినోళ్ళే మోకాలు చెడగొట్టుకున్నారు, కాగితాలు పోగొట్టుకున్నారు, కొందరు బాల్ ముఖమే చూడకుండా అయిపోయారు.

ముందు ఆ సర్వీసు సంగతి. ఐదు సెట్ల మ్యాచ్ అంటే రెండొందల పైచిలుకు పాయింట్లు. అందులో నీకు గుర్తున్నది ఒకటే. నీకు ఒక పని చెప్తా, మీ పీడీ సార్ దగ్గరికి పోయి ఆ మ్యాచ్ స్కోర్ షీట్ ఉంటే చూపించమని అడుగు, లేకుంటే నువ్వూ మీ సెట్టరూ కూర్చుని గుర్తున్నంత వరకు ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఏ సెట్ ఎంతకి పోయింది, యాడ వరసగా మూడు నాలుగు పాయింట్లు ఇచ్చేశారు, ఏ రొటేషన్‌లో, అంటే కోర్టులో ఎవరు ఎక్కడ నిలబడిన వరసలో ఇరుక్కున్నారు. మా పిల్లలతో ఇది ప్రతి ఏడాదీ రాయించేవాణ్ణి. రాసినాక ప్రతిసారీ తేలేది ఏందంటే, మ్యాచ్ పోయింది రెండో సెట్లోనో మూడో సెట్లోనో రిసీవ్ చెడిపోయిన ఒక రొటేషన్‌లో. చివరి బాల్ ఎవరి చేతిలో ఉంటే వాడు తప్పు చేసినట్టు కనిపిస్తాడు, అంతే.

అయినా ఆ సర్వీసులో కూడా నేర్చుకునేది ఉంది, అది దాచి ఓదార్చడం నాకు ఇష్టం లేదు. ఐదో సెట్ చివరికి వచ్చేసరికి హిట్టర్ కాళ్ళలో ఏమీ మిగలదు. స్పైకులు, బ్లాకులు, జంప్ సర్వులు అన్నీ కలిపితే అప్పటికి వంద జంపుల దాకా పోయి ఉంటావు. చెయ్యి మాత్రం మొదటి సెట్లో ఎట్లా ఊపిందో అట్లాగే ఊపుతాది, కానీ ఒళ్ళు నాలుగు వేళ్ళు తక్కువ లేస్తాది, బాల్‌ని కిందనే కొడతావు. నెట్ ఎత్తు 2.43 మీటర్లు, అది మనం అలిసిపోయామని దిగదు కదా. దానికితోడు తొందర. రిఫరీ విజిల్ వేసినాక సర్వీసుకి 8 సెకండ్లు టైం ఉంటాది, మన పిల్లలు శానామంది విజిల్ మోగగానే రెండో సెకండులోనే ఎగరేసేస్తారు. నువ్వు ఆ రోజు ఎన్ని సెకండ్లు తీసుకున్నావో గుర్తు తెచ్చుకో. వచ్చే సీజన్ ఉంటే, ఉంటాదనే నేను అనుకుంటా, ప్రాక్టీస్ చివర్లో కాళ్ళు పీకుతా ఉన్నప్పుడు ఇరవై సర్వీసులు వెయ్యి, పది జంప్, పది ఫ్లోట్ (బాల్ తిరక్కుండా గాల్లో ఊగేలా కొట్టేది). అలిసిపోయినప్పుడు జంప్ సర్వ్ పదిలో ఏడు కూడా లోపల పడకపోతే ఐదో సెట్‌కి ఫ్లోట్ సర్వీసే నీ సర్వీసు అని ముందే తేల్చేసుకో. ఆ నిర్ణయం 13-14 దగ్గర తీసుకునేది కాదు.

నా సంగతి కూడా చెప్తా. మా రోజుల్లో సర్వీసు చేతిలో ఉన్నవాళ్ళకే పాయింటు, సెట్ 15కి, ఒక్కో సెట్ ఎంతసేపు సాగేదో చెప్పలేం, ఐదో సెట్ ఒక్కటే ర్యాలీ పాయింట్ల మీద, అంటే సర్వీసు ఎవరిదైనా గెలిచినవాళ్ళకే పాయింటు అన్న లెక్కలో ఆడేవాళ్ళం. నా చివరి మ్యాచ్‌లో ఐదో సెట్ 14-14, నేను బ్యాక్ సెట్ (తల వెనక్కి ఎత్తి ఇచ్చేది) ఇచ్చా, బాల్ పోయి నెట్ అంచున నిలబెట్టే యాంటెన్నా కడ్డీకి తగిలింది, అంటే అవుట్. తర్వాత పాయింటు కూడా వాళ్ళ సర్వీసులో వాళ్ళకే పోయింది, మ్యాచ్ అయిపోయింది. తమిళనాడు నుంచి వేలూరు, చిత్తూరు మీదుగా బస్సులో వస్తా ఉన్నాం, పన్నెండు మందిమి, ఎవరూ మాట్లాడలా. కిటికీ పక్కన కూర్చుని వేళ్ళకి చుట్టిన ప్లాస్టర్ ఒక్కొక్కటే పీకుతా ఉన్నా, చెమటకి నాని గమ్ము వేళ్ళకి అంటుకుని నల్లగా ఉండలు కట్టింది, దాని కింద తోలు తెల్లగా ముడతలు పడి ఉండాది. చిత్తూరు దాటేదాకా ఆ గమ్ము గోరుతో గీకుతానే ఉన్నా. ఇప్పటికీ ఎవడైనా పిల్లోడు మ్యాచ్ అయినాక ప్లాస్టర్ పీకుతా గమ్మున కూర్చుంటే నేను పోయి పక్కన కూర్చుంటా, ఏమీ మాట్లాడను. అందుకే నీకు నిద్ర పట్టట్లేదు అంటే అది తప్పనీ బలహీనతనీ నేను అనను. మూడేళ్ళు రోజూ పొద్దున ఐదున్నరకి లేచి చేసిన పని ఒక్కసారిగా ఆగిపోతే ఒళ్ళు కూడా ఒప్పుకోదు, మనసు సంగతి వేరే చెప్పాలా. రెండు మూడు వారాల్లో నిద్ర దానంతట అదే దారికి వస్తాది. అప్పటికీ రాకపోతే, తిండి కూడా పోకపోతే, అప్పుడు మాత్రం ఇంట్లో చెప్పి డాక్టర్ దగ్గరికి పో, దాంట్లో సిగ్గు పడేది ఏమీ లేదు.

ఇప్పుడు ఊరి టోర్నమెంట్లు. నాకు తెలుసు తమ్ముడూ, ఆ ఫోన్లు వచ్చినప్పుడు ఎట్లా ఉంటాదో. లైట్లు, మైకు, ఊరంతా చుట్టూ నిలబడి చూడటం, ఫస్ట్ ప్రైజు క్యాషో పొట్టేలో, పైగా ఓడిపోయిన మంట ఇంకా కడుపులో ఉంటాది, యాడన్నా ఒకచోట గెలవాలని ఉంటాది. నేను కూడా అట్లాగే పోయా, ఆ బస్సు దిగిన తొమ్మిదో రోజుకి. మట్టి కోర్టు, నీళ్ళు చల్లి రోలర్ వేశారు గానీ నెట్ కింద పక్క పల్లంగా ఉండాది. రెండో మ్యాచ్‌లో బ్లాక్‌కి లేచి దిగేటప్పుడు ఎదుటివాడి పాదం మీద దిగా. వాలీబాల్‌లో చీలమండ బెణికేది ఎక్కువగా ఇట్లాగే, నెట్ కింద ఇంకొకరి పాదం మీద దిగి. టప్ మని సౌండ్ నాకే వినపడింది. మా వైపు ఏం తగిలినా ఫస్టు పుత్తూరు కట్టు అంటారు, మా తాతకి చెయ్యి విరిగితే ఆ కట్టుతోనే నయమైంది, దాన్ని నేనేమీ అనను. కానీ విరిగిందా, లిగమెంటు సాగిందా, తెగిందా అనేది ముందు ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టర్‌కి చూపిస్తేనే తెలుస్తాది, ఒక్కోదానికీ చేసే పని వేరు వేరు. నేను ఏదీ చెయ్యకుండా వేడి నీళ్ళు కాపుకుంటా వారం తిరిగా. ఆ కాలు ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు అప్పుడప్పుడు పక్కకి ఒరుగుతాది.

కాబట్టి ఈ సంక్రాంతికి వద్దు అని చెప్పు. మొహమాటపడకుండా ఫోన్ చేసినవాళ్ళకి ఈరోజే చెప్పేయ్, అన్నా మోకాలు బాగలేదు ఎండాకాలంలో వస్తా అని. చివరి నిమిషం దాకా నాన్చితే వాళ్ళు ఇంటికే వచ్చి బండి ఎక్కించుకుని పోతారు.

మోకాలు. చిప్ప కింద ఒక వేలితో నొక్కితే కరెక్టుగా ఒకే చోట నొప్పి, వార్మప్ అయినాక తగ్గి, ఆట అయిన మర్నాడు పొద్దున మళ్ళీ పట్టుకోవడం, మెట్లు దిగేటప్పుడు జాస్తిగా ఉండటం, ఇట్లా ఉంటే అది 'జంపర్స్ నీ' (jumper's knee) అనే మోకాలి నొప్పి అనుకోవచ్చు, చిప్పని కాలి ఎముకకి కలిపే టెండన్ అలిసిపోయి చేసే గొడవ. కుడిచేతి హిట్టర్లకి ఎడమ మోకాలికి రావడం మామూలే, కొట్టినాక ఎడమ కాలి మీదే ముందు దిగుతాం కదా. వాపు ఉన్నా, మోకాలు ఇరుక్కుపోతున్నా, నడిచేటప్పుడు జారిపోయినట్టు ఉన్నా అది వేరే కథ, అప్పుడు నేను రాసేది పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించు.

టెండన్ సంగతిలో అందరూ చేసే తప్పు ఒకటుంది, పూర్తిగా మంచం ఎక్కి నెల రోజులు కదలకుండా ఉండటం. నొప్పి పోతాది, నిజమే, కానీ టెండన్ ఇంకా వీక్ అవుతాది, తిరిగి గ్రౌండ్‌లోకి దిగిన వారానికి నొప్పి మళ్ళీ హాజరు. దానికి కావాల్సింది జంపులు ఆపి మెల్లగా బరువు అలవాటు చెయ్యడం. మొదటి రెండు వారాలు బాల్ ముట్టద్దు, జంప్ వద్దు, పొద్దున సాయంత్రం నడక, సైకిల్ ఉంటే సైకిల్. దాంతో పాటు రోజుకి ఒకసారి ఇది చెయ్యి. నెట్ పోల్‌కి మందమైన తాడు కట్టు, తాడుకి పాత తువ్వాలు చుట్టి లూపు లాగా చేసి రెండు మోకాళ్ళ వెనకాల వచ్చేలా పెట్టుకుని, వెనక్కి వాలి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చో, వీపు నిటారుగా. 45 సెకండ్లు అట్లాగే కదలకుండా ఉండు, రెండు నిమిషాలు ఆగు, మళ్ళీ, మొత్తం ఐదు సార్లు. తొడలు మండుతాయి, మండాలి. శానామందికి అది చేసిన కొంతసేపటి వరకు నొప్పి కూడా తగ్గుతాది.

రెండు వారాలు దాటినాక స్లోగా స్క్వాట్లు, మూడు సెకండ్లు కిందికి, మూడు సెకండ్లు పైకి, రోజు మార్చి రోజు, మెల్లగా బరువు పెంచుకుంటా. నొప్పి ఎంత వరకు ఓర్చుకోవచ్చు అంటే, పదిలో మూడు వరకు పర్వాలేదు, మర్నాడు పొద్దునకి మామూలు స్థితికి రావాలి, రాకపోతే నిన్న ఎక్కువ చేశావని అర్థం. టెండన్‌కి తొందర తెలియదు, గట్టిపడాలంటే మూడు నెలలు పడుతాది. మార్చి ఆఖరికి బాగవుతాది అనుకుని మొదలుపెట్టు.

ఇంకో మాట, మన తిరుపతి వాళ్ళకి మాత్రమే చెప్పాల్సిన మాట. సీజన్ అయినాక మొక్కు తీర్చుకోవడానికి మెట్ల దారిలో కొండకి పోవడం మన టీముల్లో ఆనవాయితీ. అలిపిరి నుంచి 3550 మెట్లు, శ్రీవారి మెట్టు నుంచి అయితే 2388. ఎక్కు, మొక్కు మొక్కే, ఎక్కేటప్పుడు మోకాలి మీద పడే భారం తక్కువ, తొడలే ఎక్కువ పని చేస్తాయి, మోకాళ్ళ పర్వతం దగ్గర మాత్రం ఆగి ఆగి పో. దిగేటప్పుడు మాత్రం బస్సెక్కి దిగు. దిగే ప్రతి మెట్టుకీ ఒంటి బరువంతా బ్రేకు వేసేది ఆ టెండనే. మా టీంలో ఒక మిడిల్ బ్లాకర్ పందెం వేసుకుని అలిపిరి దాకా మెట్లన్నీ పరిగెత్తుకుంటా దిగాడు, మర్నాడు హాస్టల్లో కింద కూర్చుని అన్నం తినలేకపోయాడు, మంచం మీద పెట్టి తినిపించాం. ఎండాకాలం మొత్తం పోయింది వాడికి. మొక్కు కూడా ఇప్పుడే తీర్చాలని లేదు, రెండు వారాలు ఆగి పో, స్వామి యాడికీ పోడు.

భుజం గురించి నువ్వు అడగలా, నేనే చెప్తా. అద్దానికి వీపు పెట్టి, ఫోన్‌తో కుడి భుజం వెనక ఫోటో తీయించుకో, రెండు వైపులా పోల్చి చూడు. కుడి పక్క రెక్క ఎముక దగ్గర పల్లం పడినట్టు ఉంటే అశ్రద్ధ చెయ్యద్దు. హిట్టర్లకి ఏళ్ళ తరబడి కొట్టీ కొట్టీ అక్కడ నరం నలిగి కండ ఎండిపోవడం ఉంటాది, నొప్పి కూడా ఉండదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. రబ్బర్ ట్యూబ్ కిటికీకి కట్టి మోచెయ్యి పక్కకి ఆనించి చెయ్యి బయటికి తిప్పే ఎక్సర్‌సైజ్ ఈ నెలంతా చెయ్యి, పల్లం బాగా కనపడితే మాత్రం చూపించు.

తిండి ఒక్క మాటలో, ఆకలి సీజన్‌లో ఉన్నట్టే ఉంటాది, ఒంట్లో ఖర్చయ్యే శక్తి మాత్రం బాగా తగ్గిపోతాది. సంగటి ఒక ముద్ద తగ్గించు, గుడ్లు, పప్పు, చెనిక్కాయలు తగ్గించద్దు.

ఇప్పుడు నీ సౌత్ జోన్ సంగతి. తమ్ముడూ దీన్ని దయచేసి నిదానంగా చదువు. కేంద్ర ప్రభుత్వం ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకి సర్టిఫికెట్లు ఫారాల లెక్కలో అడుగుతారు. దేశానికి ఆడితే ఫారం-1, రాష్ట్రానికి నేషనల్స్ ఆడితే ఫారం-2, యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ ఆడితే ఫారం-3. నీది వచ్చేది ఫారం-3 కిందకే, కానీ సౌత్ జోన్ వరకు ఆడితే సరిపోతాదా అనేది ప్రతి నోటిఫికేషన్‌లో చూసుకో. దాని మీద యూనివర్సిటీలో స్పోర్ట్స్ చూసే డీనో డైరెక్టరో సంతకం చెయ్యాలి, కాలేజీ పీడీ సంతకం చెల్లదు. ఇంటర్ కాలేజియేట్‌లో కప్పు కొట్టినా ఆ ఫారం రాదు, నువ్వు ఏడుస్తా ఉన్న సెమీస్ గెలిచుంటే కూడా వచ్చేది కాదు, నీకు అవసరమైన కాగితం నిరుడే సంపాదించి పెట్టుకున్నావు, ఇంకా తీసుకోలేదంతే. చదువు అయిపోయి ఊరికి పోయినాక ఈ సంతకాల కోసం తిరగడం ఎంత కష్టమో నేను కళ్ళారా చూశా. ఆఫీసర్లు మారిపోతారు, రిజిస్టర్లు దొరకవు. అందుకని ఈ నెలలోనే, టోర్నమెంట్ పార్టిసిపేషన్ సర్టిఫికెట్, యూనివర్సిటీ సెలెక్షన్ లిస్టు కాపీ, రిజల్టు కాపీ మూడూ పెట్టుకుని పోయి సంతకం చేయించుకో. పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ పదో తరగతి మార్కుల లిస్టులో ఎట్లా ఉంటే అక్షరం తేడా లేకుండా అట్లాగే ఉండాలి. నాతో ఆడిన ఒకడికి ట్రయల్స్‌లో సెలెక్ట్ అయినాక సర్టిఫికెట్ల వెరిఫికేషన్లో ఇంటిపేరు దగ్గర తేడా వచ్చి ఆగిపోయింది, ఆ ఒక్క అక్షరం సరి చేయించుకునే లోపల చేరే గడువు దాటిపోయింది. ఇంకోటి, శానా నోటిఫికేషన్లలో గత రెండు మూడేళ్ళలో ఆడిన ఆటనే లెక్కలోకి తీసుకుంటారు, కాబట్టి ఫారం చేతికొచ్చినాక బీరువాలో పెట్టి ఐదేళ్ళ తర్వాత తియ్యడం కాదు, కోటా నోటిఫికేషన్లు ఇప్పటి నుంచే చూస్తా ఉండాలి.

నాయన సంగతి. బాల్ తిండి పెడతాదా అని అడిగే నాయన శత్రువు కాదబ్బా, అది అడగాల్సిన ప్రశ్నే, నాకు కూడా అడిగారు. దానికి నీ దగ్గర కోపం ఉంది గానీ జవాబు లేదు, అందుకే ఇంట్లో గొడవ. జవాబు తయారు చేసుకుని కూర్చో. బ్యాడ్మింటన్ సింధు నాయన పి.వి. రమణ 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం గెలిచిన వాలీబాల్ టీంలో ఆడాడు, అర్జున అవార్డు వచ్చింది, రైల్వేలో ఉద్యోగం చేశాడు, వాళ్ళమ్మ విజయ కూడా వాలీబాల్ ప్లేయరే. బాల్ తిండి పెట్టిన ఇళ్ళు మన తెలుగువాళ్ళలో ఉన్నాయి అని చెప్పు, కానీ దాంతోపాటు నిజం కూడా చెప్పు, స్పోర్ట్స్ కోటాలో పోస్టులు తక్కువ, పోటీ ఎక్కువ, దాన్నే నమ్ముకుని డిగ్రీ బ్యాక్‌లాగ్‌లు పెట్టుకుంటే రెండూ పోతాయి. నీకు పిల్లలకి నేర్పించడం ఇష్టమైతే పీఈసెట్ ఎంట్రన్సు రాసి బీపీఎడ్ (ఆటల టీచర్ అయ్యే కోర్సు) చెయ్యొచ్చు, రెండేళ్ళు, దానికి ఫిజికల్ టెస్టు కూడా ఉంటాది కాబట్టి మోకాలు సంగతి మళ్ళీ ఈడికే వస్తాది. పీజీలో చేరితే 25 ఏళ్ళ లోపు ఇంటర్ యూనివర్సిటీ మళ్ళీ ఆడొచ్చు, నీకిప్పుడు 20 అంటున్నావు. ఆ లెక్కలో ఇది నీ ఆఖరి సీజన్ అని ఎవరు చెప్పారు నీకు?

పోయే ముందు ఒకరోజు సాయంత్రం గ్రౌండ్‌కి పో, ఆడటానికి కాదు. రోజూ మీకంటే ముందొచ్చి సున్నం గీతలు వేసే ఆయన ఉంటాడు కదా, ఆయన్ని కలువు. ఫస్ట్ ఇయర్ పిల్లల్లో నీ పొజిషన్‌లో ఆడేవాడెవడో వాడికి నీ మోకాలి క్యాపులు ఇచ్చేయ్, ఉతికి ఇవ్వు. మీ సెట్టర్‌తో ఒక టీ తాగు, ఆ సర్వీసు గురించి వాడు ఏమనుకుంటున్నాడో అని నువ్వు కుమిలిపోతా ఉన్నావు, వాడేమో తను ఇచ్చిన ఏదో సెట్ గురించి కుమిలిపోతా ఉంటాడు. నేను అట్లాగే ఆ యాంటెన్నా గురించి మా హిట్టర్‌తో మాట్లాడకుండా పదకొండేళ్ళు గడిపా. తర్వాత ఒక పెళ్ళిలో కలిస్తే వాడికి ఆ బాలే గుర్తు లేదు, తన సర్వీస్ రిసీవ్ గురించి చెప్పుకొచ్చాడు.

ఇప్పుడు ఒక పని చెయ్యి. రేపు పొద్దున లేచి మొహం కడుక్కునే ముందు, గోడకి చెయ్యి ఆనించి ఒంటికాలి మీద మెల్లగా సగం వరకు కుంగు, ముందు కుడి, తర్వాత ఎడమ. నొప్పి పదికి ఎంతో రెండిటికీ రాసుకో. వారం రోజులు రోజూ రాసి ఇక్కడ పెట్టు, జంపులు ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ నంబర్లు చూసి చెప్తా.